పెళ్లి ఆగకూడదన్న రూలు: ‘మేడ్ ఇన్ హెవెన్’లో మరిచిపోలేని ఎపిసోడ్లు

పెళ్లి పనులు చేయించే మాలాంటివాళ్లకు రూలు ఒక్కటే. ఏం జరిగినా పెళ్లి ఆగకూడదు. వాన పడనీ, కరెంటు పోనీ, వియ్యాలవారు అలగనీ, ముహూర్తానికి మెడలో తాళి పడాలి. ‘మేడ్ ఇన్ హెవెన్’ వెబ్ సిరీస్ ఇన్నేళ్లయినా మనసులో నిలిచిపోయిందంటే, ఈ రూలునే అది నిలదీసింది కాబట్టి. ఈ పెళ్లి జరగాలా, ఆగాలా? ఆపమని చెప్పాల్సింది ఎవరు? అడ్వాన్సు పుచ్చుకున్నవాళ్లు కళ్లముందు జరిగేది చూస్తూ ఊరుకోవాలా?

2019 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, మొదటి సీజన్ తొమ్మిది ఎపిసోడ్లూ అమెజాన్ ప్రైమ్‌లోకి ఒకేసారి వచ్చాయి. జోయా అఖ్తర్, రీమా కగ్తి సృష్టించిన సిరీస్ అది. కథ ఢిల్లీది. తార, కరణ్ అనే ఇద్దరు నడిపే పెళ్లిళ్ల కంపెనీ, ఎపిసోడ్‌కో పెళ్లి. కరణ్‌గా చేసిన అర్జున్ మాథుర్‌కు 2020లో అంతర్జాతీయ ఎమ్మీకి నామినేషన్ వచ్చింది. తారగా చేసిన శోభిత ధూళిపాళ తెనాలిలో పుట్టి విశాఖలో పెరిగిన అమ్మాయి. ఆ సిరీస్‌లో అన్ని ఢిల్లీ పెళ్లిళ్లు చేయించిన ఆమె, 2024లో తన పెళ్లికి మాత్రం పసుపు దంచడం నుంచి మొదలుపెట్టి మన పద్ధతిలోనే చేసుకుంది. ఆ ఫొటోలు చూసినప్పుడు తార గుర్తుకు రాకుండా ఉంటుందా!

సిరీస్ వచ్చేటప్పటికే హైదరాబాద్, విజయవాడ, విశాఖ పెళ్లిళ్లలోకి సంగీత్, మెహందీ వచ్చేశాయి. పందిరి వేసేవాళ్లు, వంటవాళ్లు, సన్నాయి మేళం, ఫొటోగ్రాఫరు, ఇలా ఎవరితో వాళ్లు విడిగా మాట్లాడుకునే రోజులు పోయి, అందరినీ కలిపి ‘ఈవెంట్ వాళ్లు’ అనడం అలవాటైంది. అందుకే ఢిల్లీ కథ అయినా మనవాళ్లకు పరాయిగా అనిపించలేదు. పూలు, లైట్లు, లెహెంగాలు చూడ్డానికి కూర్చున్నవాళ్లు, ఆ పూల వెనక నడిచే లెక్కలు, రహస్యాలు చూసి లేచారు.

మొదటి ఎపిసోడ్‌లోనే ఆ సంగతి తెలిసిపోతుంది. బాగా డబ్బున్న రోషన్ కుటుంబం, మధ్యతరగతి కోడలు. అబ్బాయి తరఫువాళ్లకు పెళ్లి ఏర్పాట్లతో పాటు అమ్మాయి పూర్వాపరాలు కూడా కావాలి. ఢిల్లీలో పెళ్లికి ముందు ఇలాంటి ఆరాలు తీసే ప్రైవేట్ డిటెక్టివ్‌లు నిజంగానే ఉన్నారు. ఆ పని పెళ్లి చేయించేవాళ్ల చేతిమీదుగా జరగడమే ఇందులో భయపెట్టే సంగతి. ఎందుకంటే ఈ వృత్తిలో ఎవరూ అడగకుండానే చాలా తెలుస్తాయి. ఏ గదిలో ఎవరు దిగుతున్నారు, ఏ చుట్టాన్ని ఏ చుట్టానికి దూరంగా కూర్చోబెట్టాలి, ఏ బిల్లు ఎవరికి తెలియకుండా ఎవరు కడుతున్నారు, అన్నీ ఒకే ఫైల్లో ఉంటాయి. ఆ ఫైలు ఒకసారి అమ్మకానికి పెట్టిన కంపెనీని తర్వాత ఏ ఇల్లూ పూర్తిగా నమ్మదు.

నాలుగో ఎపిసోడ్ ‘ది ప్రైస్ ఆఫ్ లవ్’. ఐఏఎస్ పెళ్లి. వధువు ప్రియాంకగా శ్వేతా త్రిపాఠి. చదువుకుంది, పదవి ఉంది, కట్నం మాట ఎత్తితే ఒప్పుకోని మనిషి. ఆమెకు తెలియకుండా ఆమె తల్లిదండ్రులు డబ్బు సర్దుతూ ఉంటారు. ఆ సంగతి తెలిశాక ఆమె మండపం దిగి వెళ్లిపోతుంది. తెలుగు ఇళ్లలో ఈ ఎపిసోడ్ తగలాల్సిన చోటే తగిలింది. ‘కట్నం వద్దండీ, లాంఛనాలు చాలు’ అన్న మాట వినని ఇల్లేది?

కట్నం సూట్‌కేసులో వస్తే పట్టుకోవడం సులువే. అది బిల్లుల్లో వస్తుంది. మాట్లాడుకున్నది నాలుగు వందల మందికి, చివరి వారంలో ఎనిమిది వందలైంది, పెరిగిన భోజనాలన్నీ అమ్మాయి ఖాతాలోకి. మగపెళ్లివారి రిసెప్షన్ హాలు కూడా ‘ఒకే బిల్లులో వేసెయ్యండి’. కారు అబ్బాయి పేరున బుక్కవుతుంది, డెలివరీ మాత్రం పెళ్లి రోజున, రిబ్బను కట్టించి. ఆడపడుచు లాంఛనం, అత్తగారి పట్టుచీరలు, వెండి సామాను అన్నీ ‘పెట్టుపోతలు’ అన్న ఒక్క పద్దు కిందకి చేరిపోతాయి. బిల్లులు వేసేవాళ్లకు ఇదంతా అందరికంటే ముందే కనిపిస్తుంది.

చట్టం ఈ ముసుగును ఒప్పుకోదు. 1961 వరకట్న నిషేధ చట్టం 3వ సెక్షన్ ప్రకారం ఇవ్వడం, తీసుకోవడం, అందుకు సాయపడడం మూడూ నేరమే. ఐదేళ్లకు తగ్గని జైలు, 15,000 రూపాయలు లేదా కట్నం విలువ, ఏది ఎక్కువైతే దానికి తగ్గని జరిమానా. ఎవరూ అడక్కుండా ఇచ్చిన కానుకలకు మినహాయింపు ఉంది, కానీ వాటి జాబితా రాసిపెట్టాలని 1985 నిబంధనలు చెబుతున్నాయి. వస్తువు, దాని సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, వధూవరులతో వాళ్ల బంధుత్వం రాసి, వధువూ వరుడూ సంతకం చేయాలి. ఎంత పెళ్లిలోనైనా అర పూట పని. ఐఏఎస్ లాంటి సర్వీసుల వాళ్ల ప్రవర్తనా నియమాల్లో కట్నం మీద విడిగా నిషేధం కూడా ఉంది. ప్రియాంక మండపం దిగడానికి కారణం కోపం ఒక్కటే కాదు. ఆమె ఉద్యోగం, ఆమె ప్రమాణం, ఆమె పరువు మూడూ ఆ డబ్బు కింద పడి నలిగాయి.

ఇక ఏడో ఎపిసోడ్ ‘ఎ రాయల్ అఫేర్’. మొత్తం సిరీస్‌లో ఒక్కటే ఎంచుకోమంటే మా ఓటు దీనికే. రాచకుటుంబం, కోట, మెహందీ పెట్టడానికి వచ్చిన ఒక పేదింటి పిల్ల. ఆ పిల్ల మీద ఆ ఇంటి మనిషి చెయ్యి వేస్తాడు. తర్వాత ఏం జరుగుతుందో మనకు తెలుసు. డబ్బు, మాటలు, సర్దుబాటు. పెళ్లి ఆగదు. నాలుగో ఎపిసోడ్‌లో ఆగిన పెళ్లి చూసి ఊపిరి పీల్చుకున్నవాళ్లకు, ఇక్కడ ఆగని పెళ్లి గొంతులో ముల్లై కూర్చుంటుంది. సిరీస్ ఎవరినీ వదల్లేదు. తప్పు చేసిన మనిషి, కప్పిపుచ్చిన ఇల్లు, పని పోగొట్టుకోవడం ఇష్టంలేని కంపెనీ, అందరి వాటా చూపించింది.

మెహందీ పని ఎలా ఉంటుందో తెలిస్తే ఈ ఎపిసోడ్ ఇంకా బాధిస్తుంది. పెళ్లికూతురికి మోచేతుల దాకా రెండు వైపులా, పాదాలకు కూడా పెట్టాలంటే నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. చుట్టాలకు ఒక చేతికి చిన్న డిజైను పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. అంటే ఒక మనిషి గంటకు నాలుగైదు చేతులు పెడుతుంది. నాలుగు గంటల్లో వందమంది ఆడవాళ్లకు ఒక్కో చేతికి పెట్టాలంటే ఐదుగురి నుంచి ఏడుగురు కావాలి, రెండు చేతులూ అంటే ఆ లెక్క రెట్టింపు. పెట్టాక ఆరు నుంచి ఎనిమిది గంటలు ఉంచుకోవాలి, ఆ తర్వాత కూడా నీళ్లు తగలనివ్వకూడదు. రంగు పూర్తిగా పండేది ఒకటి రెండు రోజులకు, అందుకే పెళ్లికి ఒకటి రెండు రోజుల ముందే పెడతారు. అసలు గోరింటాకు కోన్లు ఫ్రిజ్‌లో లేకపోతే కొద్ది రోజుల్లోనే పాడవుతాయి. ‘గంటలో నల్లగా పండుతుంది’ అనే కోనులో జుట్టుకు వేసే రంగు రసాయనం ఉంటుంది, చర్మం బొబ్బలెక్కుతుంది, దాని జోలికి పోవద్దు.

ఇంత పనిలో ఏం జరుగుతుందంటే, రాత్రి పదకొండు దాటుతుంది. ‘అమ్మగారు కిందికి రాలేరు, పైగదికి వచ్చి పెట్టు’ అని ఎవరో కబురు పెడతారు. పిల్ల ఒంటరిగా వెళ్తుంది. ఆ ఒంటరితనమే అక్కడ అపాయం. పెళ్లి ఇంట్లో పనిచేసే ఆడపిల్లలకు కొన్ని ఏర్పాట్లు ముందే చేయాలి. గదుల్లోకి ఎప్పుడూ ఇద్దరేసి వెళ్లాలి, తలుపు తీసి ఉండాలి. పిలుపు నేరుగా వాళ్లకు కాదు, సూపర్‌వైజర్‌కు రావాలి, ఆ సూపర్‌వైజర్ ఆడమనిషి అయి ఉండాలి. రాత్రి ఇంటికి దిగబెట్టే బండి ఖర్చు మెహందీ బిల్లులోనే ముందుగా కలపాలి, లేకపోతే చివర్లో దాన్నే కోసేస్తారు.

చట్టం కూడా ఉంది. పనిచోట లైంగిక వేధింపుల నివారణకు వచ్చిన 2013 చట్టంలో పనిచోటు అంటే ఆఫీసు ఒక్కటే కాదు, పని మీద వెళ్లిన ప్రతి చోటూ అందులోకి వస్తుంది. పెళ్లి జరిగే కోట కూడా పనిచోటే. పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువమంది ఉన్నా, ఫిర్యాదు యజమాని మీదే అయినా జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లాలి. పెళ్లిళ్ల పనిలో ఎక్కువమంది రోజు కూలీకి వచ్చేవాళ్లు. వాళ్లకు కూడా ఇది వర్తిస్తుంది. ఈ మాట ఎంతమందికి చెబితే అంత మంచిది.

ఆరో ఎపిసోడ్‌లో చెట్టుతో పెళ్లి ఉంది. అమ్మాయికి కుజదోషమని, ముందు చెట్టుకిచ్చి పెళ్లి చేయాలంటారు. మన దగ్గరా అరటిచెట్టుతో, కుండతో చేయిస్తారు. మూడో పెళ్లి చేసుకునే మగవాడికి జిల్లేడుతో అర్క వివాహం చేయడం మన పెద్దలకు తెలిసిన ఆచారమే. కుజదోషం లెక్క చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మన పద్ధతిలో లగ్నం నుంచి 2, 4, 7, 8, 12 స్థానాల్లో కుజుడు ఉంటే దోషం. పన్నెండు గళ్లలో ఐదు. నూరు జాతకాలు తీస్తే నలభైకి పైగా దోషమున్నవే తేలే లెక్క ఇది. అందుకే మినహాయింపుల చిట్టా కూడా అంత పొడుగ్గా ఉంటుంది. ఏర్పాటు పరంగా చెట్టు పెళ్లి చిన్న పని, గుడిలో గంట, గంటన్నర, పదిమందికి మించి ఉండరు. భారమంతా ఆ అమ్మాయి మీద. పెద్ద పెళ్లికి ఊరంతా వస్తుంది, ఈ పెళ్లికి ఎవరికీ చెప్పొద్దంటారు. అలా దాచడంలో ఉన్న అవమానం ఎపిసోడ్‌లో బాగా పట్టుకున్నారు.

మూడో ఎపిసోడ్‌ను చాలామంది దాటేస్తారు, దాటేయకండి. దీప్తి నావల్ చేసిన గాయత్రి వయసు మళ్లిన వితంతువు. మళ్లీ పెళ్లి చేసుకుంటానంటే ఎదిగిన పిల్లలకు నామోషీ. అరుపులు లేవు, దెబ్బలు లేవు, అయినా గుండె పట్టేస్తుంది. ఇలాంటి పెళ్లిలో పందిరి కంటే ముందు సర్దుకోవాల్సినవి రెండు. వీలునామాలు, పింఛను. భర్త తరఫున వచ్చే ప్రభుత్వ కుటుంబ పింఛను పునర్వివాహంతో సాధారణంగా ఆగిపోతుంది. ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టర్ చేసుకుంటే ముప్పై రోజుల నోటీసు పెట్టాలి. ఆ నెల రోజుల్లోనే పిల్లల అభ్యంతరాలన్నీ బయటికొస్తాయి.

మొదటి సీజన్‌ను కలిపి ఉంచిన దారం కరణ్ కథ. అతను స్వలింగ సంపర్కుడు. 377వ సెక్షన్ కింద అరెస్టయి, అవమానపడి, దాని మీద పోరాడతాడు. స్వలింగ సంబంధాలను నేరంగా చూసే భాగాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది 2018 సెప్టెంబర్ 6న. సిరీస్ వచ్చేటప్పటికి తీర్పు వచ్చి ఆరు నెలలే. ఆ గాయం ఇంకా పచ్చిగా ఉండగానే చూశాం కాబట్టి ఆ లాకప్ సన్నివేశాలు అంతగా కదిలించాయి.

తర్వాత నాలుగేళ్లకు పైగా నిరీక్షణ. మధ్యలో కోవిడ్. 2020 మేలో కేంద్రం పెళ్లికి యాభై మందికి మించకూడదంది. పూలవాళ్లు, మేళంవాళ్లు, వంటవాళ్లు ఇళ్లలో కూర్చున్నారు. ఆ నెలల్లో మొదటి సీజన్ మళ్లీ పెట్టుకుని చూసినవాళ్లకు, ఆ కిక్కిరిసిన సంగీత్‌లు, బరాత్‌లు ఎక్కడో పోయిన లోకంలా కనిపించాయి. తర్వాత జనం మళ్లీ వచ్చారు. కానీ అచ్చు వేసిన శుభలేఖ తీసుకుని ఇంటింటికీ వెళ్లి, బొట్టుపెట్టి పిలిచే పద్ధతిలో కొంత వాట్సాప్‌లోకి జారిపోయి అక్కడే ఉండిపోయింది. పిలుపు ఫోన్లోకి మారాక వచ్చేవాళ్ల లెక్క తేలడం కష్టమైంది. వేలుతో నొక్కిన ‘వస్తాం’కు, గుమ్మంలో నిలబడి చెప్పిన ‘తప్పకుండా వస్తాం’కు చాలా తేడా ఉంది. వంటవాళ్లకు చెప్పిన సంఖ్య మీద పది శాతం అదనంగా సిద్ధంగా ఉంచమనడం అందుకే.

2023 ఆగస్టు 10న రెండో సీజన్ వచ్చింది, ఏడు ఎపిసోడ్లు. కంపెనీ దగ్గర డబ్బు లేదు. పెట్టుబడి పెట్టిన జౌహరీ తన భార్య బుల్‌బుల్‌ను లెక్కలు చూడ్డానికి పంపుతాడు. మోనా సింగ్ చేసిన ఈ పాత్ర మా వృత్తివాళ్లందరికీ ప్రాణం. వచ్చీరాగానే బిల్లులు చూపించమంటుంది. ఆమె పడే చాదస్తం వెనక నిజం ఉంది. పూలవాళ్లకు, కూలీలకు ఆ రోజుకారోజు నగదు ఇవ్వాలి. పెళ్లివారు మాత్రం విడతలుగా ఇస్తారు, ఆఖరి విడత పెళ్లయ్యాక, అప్పుడు ప్రతి గులాబీకీ వంక పెడతారు. ఈవెంట్ సేవల మీద జీఎస్‌టీ 18 శాతం, అది కలిపి చెప్పారా కలపకుండా చెప్పారా అన్నది మొదటి కాగితంలో లేకపోతే చివర్లో గొడవ తప్పదు. అప్పగింతలకు ముందే ఆఖరి విడత వచ్చేలా ఒప్పందం రాసుకోని కంపెనీలు ఎంత అందంగా పెళ్లిళ్లు చేసినా నిలబడవు. పెళ్లిళ్ల సిరీస్‌లో ఒక ఆడిటర్ పాత్రను ఇంత ప్రేమగా రాయడం గొప్ప విషయం.

ఆ సీజన్ మొదటి ఎపిసోడ్ రంగు గురించి. చామనఛాయ అమ్మాయి, పెళ్లికి ముందు తెల్లబడాలని చికిత్స చేయించుకుంటే ముఖమంతా పాడవుతుంది. ఇది కళ్లారా జరిగే సంగతే. పెళ్లికి మూడు నాలుగు వారాల లోపు ముఖానికి కొత్తదేదీ మొదలుపెట్టకూడదు. క్రీము ఏదైనా ముందు చెవి వెనక కొంచెం రాసి, ఒకటి రెండు రోజులు చూడాలి. దొంగచాటుగా అమ్మే తెల్లబరిచే క్రీముల్లో పాదరసం, స్టెరాయిడ్లు ఉంటాయి. నలుగు పెట్టి మంగళస్నానం చేయించే ఇళ్లలో కూడా ‘కొంచెం రంగు తేలితే బాగుండు’ అనే మాట పెళ్లికూతురి చెవిన పడుతూనే ఉంటుంది.

రెండో ఎపిసోడ్‌లో మృణాల్ ఠాకూర్ చేసిన అధీర, కొట్టే మనిషినే పెళ్లి చేసుకుంటుంది. అందరూ చెబుతారు, ఆమె వినదు, పెళ్లి జరిగిపోతుంది. ముగింపు నచ్చలేదన్నవాళ్లున్నారు. మాకు మాత్రం అదే సరైన ముగింపు. నిజంలో ఇలాంటివి ఎక్కువగా అలాగే ముగుస్తాయి. దెబ్బల గుర్తులు ఇంట్లోవాళ్ల కంటే ముందు మేకప్ చేసే మనిషికి తెలుస్తాయి. నీలి మచ్చ మీద నారింజ ఛాయ, ఎర్రటి మచ్చ మీద ఆకుపచ్చ ఛాయ, ఆ పైన ఫౌండేషన్ వేస్తే ఏమీ కనిపించదు. కప్పడం తెలిసిన ఆ చేతులకు 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు కూడా తెలిసి ఉండాలి. పెళ్లికూతురు ఒంటరిగా ఉండేది ఆ మేకప్ కుర్చీలోనే, ఆమెతో ఒక మాట మెల్లగా అనడానికి దొరికే సమయం కూడా అదే.

ఐదో ఎపిసోడ్ ‘ది హార్ట్ స్కిప్డ్ ఎ బీట్’. దర్శకుడు నీరజ్ ఘేవాన్. పల్లవి మేన్కేగా రాధికా ఆప్టే. ఆమె దళితురాలు, పేరున్న అధ్యాపకురాలు, తన బౌద్ధ పద్ధతిలోనూ పెళ్లి జరగాలంటుంది. వరుడి ఇంటివాళ్లకు ఆమెతో ఇబ్బంది లేదు, ఆ సంగతి నలుగురికీ తెలియడంతోనే ఇబ్బంది. ఇక్కడ ప్రశ్న పెళ్లి ఆపడం గురించి కాదు, ఇంకో పెళ్లిని చేర్చడం గురించి. తెల్లచీరలో ఆమె, బుద్ధుడి పక్కన అంబేడ్కర్ పటం. తెరమీద ఇంత హాయిగా, ఇంత గౌరవంగా అలాంటి పెళ్లి అరుదుగా చూశాం.

ఆ పెళ్లి ఏర్పాట్లు తేలిక. బుద్ధుడి ప్రతిమ, అంబేడ్కర్ పటం, కొవ్వొత్తులు, అగరుబత్తీలు, పూలు, రెండు దండలు. త్రిశరణం, పంచశీల పలకడం, వధూవరులు ఒకరికొకరు మాట ఇచ్చుకోవడం, దండలు మార్చుకోవడం. ముహూర్తం పట్టింపు లేదు, హోమం లేదు, గంటలోపే అయిపోతుంది. చట్టపరంగా అడ్డేమీ లేదు. 1955 హిందూ వివాహ చట్టం బౌద్ధులకూ వర్తిస్తుంది, వాళ్ల ఆచారం ప్రకారం చేసుకున్నది చెల్లుతుంది. మన దగ్గర దండల పెళ్లిళ్లు చేయించినవాళ్లకు ఈ క్లుప్తత కొత్త కాదు. తప్పు జరిగేది ఇంకోచోట. చిన్న కార్యక్రమం కదా అని దాన్ని భోజనాల వేళకు తోసేస్తారు, నిన్నటి పూలే పెడతారు, ఫొటోగ్రాఫరు అప్పటికి తిండికి వెళ్తాడు. రెండు పద్ధతుల్లో పెళ్లి అన్నప్పుడు రెంటికీ అదే కెమెరా బృందం, అవే తాజా పూలు, అదే ముందు వరుస ఉండాలి. ఆహ్వానపత్రికలో రెంటి సమయాలూ పక్కపక్కనే అచ్చు వేయాలి.

కెమెరా అంటే కబీర్ గురించి చెప్పాలి. శశాంక్ అరోరా చేసిన ఆ పాత్రే పెళ్లిళ్లు చిత్రించేది, ఎపిసోడ్ చివర మాటలు అతనివే. ఆ మాటలు ఒక్కోసారి ఎక్కువైనట్టు అనిపించినా, చూసే చూపు అతనిదే కావడం సబబు. వరుడి షేర్వానీకి తగిలించిన చిన్న మైకు ఎవరూ ఆపకపోతే గదిలో గుసగుసలు కూడా రికార్డు చేస్తుంది. సెకనుకు వంద మెగాబిట్ల వేగంతో 4కె చిత్రీకరిస్తే గంటకు సుమారు 45 గిగాబైట్లు. మూడు కెమెరాలు ఎనిమిది గంటలు నడిస్తే ఒక టెరాబైట్ దాటుతుంది. అదే రాత్రి రెండు వేర్వేరు డిస్కుల్లోకి ఎక్కించి, రెంటినీ రెండు వేర్వేరు బండ్లలో పంపాలి.

మళ్లీ చూడాలనుకునేవాళ్లు మొదటి సీజన్ వరుసలోనే చూడండి, తార, కరణ్‌ల కథలు దాటేస్తే అర్థం కావు. ఒక్క సాయంత్రమే చేతిలో ఉంటే మొదటి సీజన్‌లో నాలుగు, ఏడు, రెండో సీజన్‌లో ఐదు, ఇదే వరుసలో. పెద్దలకు మాత్రమే అన్న రేటింగ్ ఉంది, పిల్లలు పడుకున్నాక పెట్టుకోండి.